‘అంతా ఇంతే’ అనే మాట ఎక్కడ పుడుతుంది: ఏడేళ్ల సర్వీసున్న కానిస్టేబుల్ భార్య అడిగిన ప్రశ్నకు జవాబు

అమ్మా, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీ భర్త సివిల్ కానిస్టేబుల్‌గా చేరి ఏడేళ్లయిందని, కొత్తలో యూనిఫాం తానే ఇస్త్రీ చేసుకుని రోల్ కాల్‌కు ఇరవై నిమిషాల ముందే బయలుదేరిన మనిషి ఇప్పుడు ఏ విషయం ఎత్తినా ‘అంతా ఇంతే’ అని కొట్టిపారేస్తున్నారని, పాత స్నేహితులందరినీ దూరం చేసుకున్నారని, ఆరేళ్ల కొడుకు పలక పగిలిందని చెబితే ‘ఎవరు పగలగొట్టారు, అప్పుడు పక్కన ఎవరున్నారు’ అని నిందితుణ్ణి అడిగినట్టు అడుగుతున్నారని రాశారు. ఇది జబ్బా, మనిషి స్వభావమే మారిపోయిందా, ఉద్యోగం మానేస్తే తగ్గుతుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు. నేను ఎస్సైగా చేరి డీఎస్పీగా పదవీ విరమణ చేశాను. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో చివరి ఐదేళ్లు శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పాను. మీరు వర్ణించిన మనిషిని ఎన్నో స్టేషన్లలో చూశాను, కొన్నేళ్లపాటు నేనూ అలాగే ఉన్నాను. అందువల్ల కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా రెండు విషయాలను వేరు చేసి చూడాలి. పోలీసుకు అనుమానం ఒక పనిముట్టు. అర్ధరాత్రి బస్టాండులో సంచి పట్టుకుని నిలబడిన మనిషిని ‘ఏ ఊరు, ఎక్కడికి’ అని అడగడం ఉద్యోగంలో భాగమే. సరైన జవాబు దొరకగానే ఆ అనుమానం తీరిపోతుంది, ఆ మనిషి బస్సెక్కి వెళ్లిపోతాడు. మీరు చెబుతున్నది అది కాదు, ఏ జవాబూ అక్కర్లేని స్థితి. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాడు అబద్ధమే చెబుతాడని, సాక్షి కోర్టులో మాట మారుస్తాడని, పై అధికారి తన తప్పును కింది వాడి మీదికి నెడతాడని, ఇవేవీ చూడకముందే తేల్చేసుకోవడం. దీనినే సినిసిజం అంటారు. తెలుగులో ‘అపనమ్మకం’ కన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు. దానికి తోడుగా వచ్చేది పరాయితనం, అంటే తాను పుట్టిపెరిగిన జనానికీ తనకూ మధ్య గోడ లేచిందని అనిపించడం. ఈ రెండూ వైద్యపుస్తకాలలోని జబ్బులు కావు, పుట్టుకతో వచ్చిన స్వభావమూ కావు. ఈ వృత్తి నడిచే తీరు నుంచి పుట్టేవి.

ఏడేళ్లన్న మీ లెక్క దగ్గర నేను ఆగిపోయాను. న్యూయార్క్ పోలీసు శాఖలో రెండు దశాబ్దాలు పనిచేసి, తర్వాత సమాజశాస్త్రం వైపు వెళ్లిన ఆర్థర్ నీడర్‌హాఫర్ 1960లలో తన శాఖవారిలోనే ఈ అపనమ్మకాన్ని కొలవడానికి ప్రయత్నించారు. అకాడమీలో అడుగుపెట్టిన రోజున అది అతి తక్కువగా ఉంటుందని, కొద్ది నెలల్లోనే పెరుగుతుందని, సుమారు ఏడు నుంచి పదేళ్ల సర్వీసు మధ్య గరిష్ఠానికి చేరి, విరమణ దగ్గరపడే కొద్దీ కొంత తగ్గుతుందని ఆయన గమనించారు. ఆయన వాడిన ఇరవై అంశాల కొలమానాన్ని తర్వాతివారు విమర్శించారు. అపనమ్మకం ఒకే ముద్దగా ఉండదని, ప్రజల పట్ల ఒకలా, సొంత శాఖ పట్ల ఒకలా, వృత్తి పట్ల మరొకలా విడివిడిగా ఉంటుందని వారి వాదన. నా అనుభవంలో ఆ వాదనే సరైనది. మీ భర్తలో ఉన్నది ఇందులో ఏదో తెలుసుకుంటే తప్ప ఏం చేయాలో తెలియదు.

రోజూ దొంగలను, హంతకులను చూసి చూసి పోలీసు మనసు బండబారుతుందని బయటివారు అనుకుంటారు. నాకలా అనిపించదు. దొంగ దొంగతనం చేస్తే పోలీసు మనసు విరగదు, ఎందుకంటే దొంగ నుంచి అతను ఆశించేది అదే. మనవాళ్లు, మన శాఖ, మన చట్టం అనుకున్న చోట చిన్నబోయినప్పుడే విరుగుతుంది. నేను చూసిన అపనమ్మకంలో ఎక్కువ భాగం స్టేషన్ ఆవరణలోనే పుట్టింది.

దీనికి పాత మూలాలున్నాయి. మన పోలీసు వ్యవస్థ 1857 తిరుగుబాటు తర్వాత, జనాన్ని అదుపులో పెట్టడానికి తెల్లదొరలు కట్టుకున్నది. దేశంలో చాలా ప్రాంతాలకు 1861 చట్టం వస్తే, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన ఆంధ్ర జిల్లాలకు 1859లోనే వేరే చట్టం వచ్చింది. 1861 చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం పోలీసు ఎల్లప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క. ఆ తర్వాత 1902లో నియమించిన ఫ్రేజర్ కమిషన్, కానిస్టేబుల్‌కు విచక్షణ వాడే పనులు ఇవ్వరాదని, యాంత్రికమైన విధులే అప్పగించాలని సిఫారసు చేసింది. చదువు లేనివారిని చాలీచాలని జీతానికి తీసుకునే కాలంలో రాసిన మాట అది. ధర్మవీర అధ్యక్షతన ఏర్పడిన జాతీయ పోలీసు కమిషన్ 1979లో ఇచ్చిన తన మొదటి నివేదికలోనే ఆ ఆలోచనను తప్పుపట్టి, కానిస్టేబుల్ బుద్ధిని, నిర్ణయశక్తిని వాడుకునే విధంగా ఉద్యోగాన్ని మార్చాలని కోరింది. ఇప్పుడు మన రెండు రాష్ట్రాలలో డిగ్రీ, బీటెక్, ఎంబీఏ చదివినవారు కానిస్టేబుళ్లుగా వస్తున్నారు. పని మాత్రం చాలావరకు 1902 నాటిదే: వీఐపీ వచ్చే దారిలో ఆరు గంటలు నిలబడడం, సమన్లు అందించడం, నిందితుణ్ణి కోర్టుకు తీసుకెళ్లి తీసుకురావడం. బుర్రకు పని లేని చోట చదువుకున్న మనిషి ఎంత త్వరగా చేదెక్కుతాడో శిక్షణ కేంద్రంలో నా ముందు కూర్చున్న పిల్లలు, నాలుగేళ్ల తర్వాత దారిలో కలిసినప్పుడు, వాళ్ల ముఖాలతోనే చెప్పేవారు.

చట్టం విషయమూ ఇక్కడే చెప్పాలి. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయరాదని 1872 సాక్ష్య చట్టంలోని 25వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. దర్యాప్తులో సాక్షి చెప్పినది రాసుకున్నా దాని మీద అతని సంతకం తీసుకోకూడదు. కొత్త కానిస్టేబుల్ ఈ పాఠం విన్న రోజున ‘మా మాటకు విలువ లేదన్నమాట’ అని అనుకుంటాడు. ఆ నిబంధనలు ఉండి తీరాలన్నది నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే దెబ్బలకు ఓర్చలేక చేయని నేరం ఒప్పుకున్నవారిని నేను కళ్లారా చూశాను. అయితే ఆ నిబంధన ఎందుకు వచ్చిందో, దాన్ని తీసేయించుకునే అర్హత మనం ఎలా సంపాదించుకోవాలో పాఠం చెప్పేవాళ్లు చెప్పాలి. చెప్పకుండా సెక్షన్ నంబరు వల్లె వేయిస్తే కుర్రవాడికి మిగిలేది అవమానం ఒక్కటే.

ఇక రోజువారీ సంగతి. కామన్ కాజ్ సంస్థ, లోక్‌నీతి అనే పరిశోధన బృందం కలిసి 21 రాష్ట్రాలలో సుమారు 12 వేల మంది పోలీసు సిబ్బందిని అడిగి 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం వారు రోజుకు సగటున 14 గంటలు పనిచేస్తున్నారు, దాదాపు సగం మందికి వారానికొక సెలవు కూడా లేదు. ఇదే జీతం, ఇవే సౌకర్యాలు మరో చోట దొరికితే ఈ ఉద్యోగం వదిలేస్తామని 37 శాతం మంది చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో వీక్లీ ఆఫ్ ప్రకటించినప్పుడు స్టేషన్లలో ఎంత సంతోషం కనిపించిందో నాకు గుర్తుంది. బందోబస్తు పడగానే మొదట రద్దయ్యేది కూడా ఆ సెలవే. గంటల లెక్క కన్నా ఎక్కువగా మనిషిని తినేది ఏ గంట తనది కాదన్న భావన. కూతురి పుట్టినరోజుకు సెలవు మంజూరై, కేకు తెచ్చుకున్నాక, సాయంత్రం నాలుగింటికి వైర్‌లెస్ సెట్‌లో పిలుపు వస్తే, ఆ పిలుపు ఒక పెద్ద మనిషి ఇంటి శుభకార్యానికి కాపలా అయితే, ఆ రాత్రి అతను ఏమనుకుంటాడో ఊహించండి.

బదిలీల సంగతీ అంతే. 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడు ఆదేశాలలో, స్టేషన్ హౌస్ ఆఫీసరుకు కనీసం రెండేళ్ల కాలవ్యవధి ఇవ్వాలన్నది ఒకటి. నేను ఎస్సైగా ఉన్నప్పుడు ఒక ప్రమాదం కేసులో లారీ యజమాని తరఫున వచ్చిన ఫోన్‌ను పట్టించుకోలేదు. పదకొండు రోజులకు నన్ను వీఆర్‌లో, అంటే ఏ పోస్టూ ఇవ్వకుండా ఖాళీగా, పెట్టారు. కారణం అడిగితే ‘పరిపాలనా సౌలభ్యం’ అన్నారు. నాతో పనిచేసిన కానిస్టేబుళ్లు ఆ పాఠాన్ని నాకన్నా త్వరగా నేర్చుకున్నారు. మర్నాటి నుంచి ఏ ఫిర్యాదు వచ్చినా ‘ఎవరి తాలూకు’ అని అడిగిన తర్వాతే కాగితం ముట్టుకునేవారట. అపనమ్మకం ఒకరి నుంచి ఒకరికి ఇలాగే అంటుకుంటుంది.

ఒక హెడ్ కానిస్టేబుల్ సంగతి చెప్పాలి. ఒక రైతుకు చెందిన ఎడ్ల జత పోయింది. ఈయన తన సొంత బండి మీద, సొంత పెట్రోలుతో మూడు వారాల పాటు సంతలన్నీ తిరిగి, కొమ్ముకు ఉన్న పాత నొక్కును బట్టి ఎడ్లను పోల్చుకుని పట్టుకొచ్చాడు. ప్రెస్ మీట్ జరిగింది. పై అధికారులు కుర్చీలలో కూర్చున్నారు, ముసుగులు వేసిన నిందితులను పట్టుకుని ఈయన వెనక నిలబడ్డాడు. పత్రికా ప్రకటనలో ఆరుగురి పేర్లు ఉన్నాయి, ఈయన పేరు లేదు. ఆ ప్రకటన చూసి సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆయన నన్ను ఏమీ అడగలేదు. చాలా కాలం తర్వాత ఒక రాత్రి పెట్రోలింగ్‌లో తానే చెప్పాడు: ‘పేరు రాయలేదని కాదు సార్. ఆ రైతు వచ్చి, నువ్వే కదా తెచ్చింది అని అడిగాడు. పేపర్లో పేరు లేదు కదా, అవునంటే అబద్ధం అనుకుంటాడని, నేను కాదని చెప్పాను.’ ఆ తర్వాత ఆయన ఏ కేసు మీదా సొంతంగా కదల్లేదు. డ్యూటీ రాస్తే వెళ్లేవాడు, రాయకపోతే కూర్చునేవాడు. బద్ధకస్తుడని ఆయన మీద మెమోలు పడ్డాయి. ఆయనలో చచ్చిపోయినది ఏమిటో ఆ మెమోలు రాసినవారెవరికీ తెలియదు. నాకు తెలిసే సరికి ఆలస్యమైంది.

పరాయితనం మరో దారిలో వస్తుంది. పోలీసని తెలిస్తే ఇల్లు అద్దెకు ఇవ్వనివారు ఉన్నారు. పండగలన్నీ బందోబస్తులోనే గడుస్తాయి కనుక బంధువుల పెళ్లిళ్లలో ముఖం కనిపించదు, కొన్నాళ్లకు శుభలేఖలు రావడమూ తగ్గుతుంది. వచ్చే ఫోన్లు మాత్రం ఆగవు: హెల్మెట్ లేక పట్టుబడ్డ బండి విడిపించమని ఒకరు, పొలం గట్టు తగాదాలో ఎదుటివాణ్ణి ఒకసారి స్టేషన్‌కు పిలిపించమని మరొకరు. మనిషిగా ఎవరూ పలకరించడం లేదని, పనికొచ్చే వస్తువుగా మాత్రమే గుర్తుపెట్టుకున్నారని అతనికి తోస్తుంది. 1959 అక్టోబర్ 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా కాల్పులలో చనిపోయిన పది మంది పోలీసుల స్మృతిలో ప్రతి ఏటా సంస్మరణ దినం జరుపుతాం, ఆ ఏడాది దేశమంతటా విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయినవారి పేర్లు చదువుతాం. మైదానంలో ఉండేది పోలీసులు, పోయినవారి కుటుంబాలు. ఊరి జనం ఎంతమంది వస్తున్నారో మీకూ తెలుసు.

మరొక రకం ఆదరణ కూడా ఉంది, నాకు దానితో ఎక్కువ భయం. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురు పోలీసు కాల్పులలో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో బయటకు వచ్చిన నివేదికలో, ఆ కాల్పులు ఉద్దేశపూర్వకంగా జరిగాయని తేల్చి, పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది. అంతకుముందు నేను చెప్పిన 2019 నివేదికలోనే, ప్రమాదకరమైన నేరస్థులను విచారణ జరపడం కన్నా చంపడమే మేలని ఐదుగురు పోలీసులలో ఒకరు అనుకుంటున్నారని ఉంది. నిజాయితీగా దర్యాప్తు చేసి, పంచనామా తప్పుల్లేకుండా రాసి, ఏడేళ్లు కోర్టు చుట్టూ తిరిగి శిక్ష వేయించినవాడికి ఒక్క పువ్వు కూడా పడలేదు. చట్టం మీద పోలీసుకు నమ్మకం పోవడంలో, మన చేతుల్లోని ఆ పూలకు కూడా భాగం ఉంది. అపనమ్మకం ముదిరిన చోట దాని దెబ్బ ముందుగా తగిలేది నోరులేని ఫిర్యాదుదారుకు, లాకప్‌లో కూర్చున్న పేదవాడికి. అందుకే దీన్ని ఒక ఇంటి బాధగా మాత్రమే చూడలేను.

మార్పు సాధ్యమేనా అంటే, సాధ్యమేననడానికి రాజస్థాన్ అనుభవం ఉంది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం, ఐపీఎస్ అధికారి నీనా సింగ్ కలిసి అక్కడి పోలీసు స్టేషన్లలో కొన్ని సంస్కరణలను పరీక్షించారు. తరచూ జరిగే బదిలీలను ఆపడం, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం అనే రెండూ మంచి ఫలితం ఇచ్చాయి. వారానికొక సెలవు, డ్యూటీల మార్పిడి వంటివి ఫలించలేదు, కారణం అవి చెడ్డవి కావడం కాదు, కింది స్థాయిలో నిలకడగా అమలు కాకపోవడం. ఈ ఫలితం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఆదేశం పై నుంచి వచ్చినా, సెలవు ఇచ్చే చేయి స్టేషన్‌లోనే ఉంటుంది. ఎడ్ల కేసు తర్వాత నా కింద ఉన్న స్టేషన్లలో ఒక పద్ధతి పెట్టాను: కేసు ఎవరు తేల్చారో ఆ కానిస్టేబులే ఫిర్యాదుదారు ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పాలి, పత్రికా ప్రకటనలో అతని పేరు మొదట ఉండాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలియజేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షన్ ఇప్పుడు చెబుతోంది. దాన్ని ఫోన్ సందేశంతో సరిపెట్టకుండా మనిషిని పంపితే ఫిర్యాదుదారు కన్నా ఎక్కువ మేలు పొందేది ఆ కానిస్టేబులే.

ఇవి మీ చేతిలో లేనివి. చేతిలో ఉన్నవి చెబుతాను. ‘ఎందుకిలా మారిపోయారు’ అని అడగకండి, ఆ ప్రశ్న ఆయనకు చార్జ్ మెమోలా వినిపిస్తుంది. ‘ఈ రోజు మీ దగ్గరికి ఎవరు వచ్చారు’ అని అడగండి. మొదట్లో విసుక్కుంటారు. ఏదో ఒక రోజు ఒక ముసలమ్మ గురించో, తప్పిపోయిన పిల్లవాడి గురించో చెప్పడం మొదలుపెడతారు, ఆ రోజు మీరు చేస్తున్న పని పక్కన పెట్టి వినండి. బంధువుల పైరవీ ఫోన్లను మీరే ఆపండి. ఆయన తరఫున ‘చేయలేరు’ అని మీరు చెబితే ఆయనకు నేరభావం తప్పుతుంది. శాఖతో సంబంధం లేని ఒక్క స్నేహమైనా నిలబెట్టండి, షటిల్ ఆడే మిత్రుడైనా సరే. నన్ను నిలబెట్టినది మా ఊరి హైస్కూల్లో తెలుగు మాస్టారుగా ఉన్న నా బాల్యమిత్రుడు. ఆయన నన్ను ఒక్కసారి కూడా ఏ కేసు గురించీ అడగలేదు. కొడుకు విషయంలో మాత్రం మెత్తగా, సూటిగా మాట్లాడండి: పలక ఎవరు పగలగొట్టారన్న విచారణ ఇంట్లో వద్దని.

ఒక్క హెచ్చరిక. నిద్ర పూర్తిగా పోవడం, డ్యూటీ దిగగానే రోజూ తాగడం, ‘నేను లేకపోతే మీరే బాగుంటారు’ వంటి మాటలు రావడం కనిపిస్తే అది నేను ఇంతవరకు చెప్పిన అపనమ్మకం కాదు, వైద్యుడు చూడవలసిన కుంగుబాటు. ఆయనకు సర్వీసు ఆయుధం ఇచ్చి ఉంటే వెంటనే ఆయన నమ్మే పై అధికారికి చెప్పండి, అది ద్రోహం కాదు. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఉద్యోగం మానేయాలా అన్న ప్రశ్నకు: ఈ స్థితిలో నిర్ణయం తీసుకోవద్దు. ముందు ఖాతాలో ఉన్న ఆర్జిత సెలవు పదిహేను రోజులు అడగమనండి, నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా, ఎన్నికల, ఉత్సవాల బందోబస్తులు లేని నెల చూసుకుని. ఆ పదిహేను రోజులు క్వార్టర్స్‌లో కాకుండా ఊళ్లో గడపండి. తిరిగి వెళ్లాక స్టేషన్ రాత పని గానీ, బీట్ గానీ, ఒక పనిని మొదటి నుంచి చివరి వరకు తానే చూసుకునే డ్యూటీ అడిగి తీసుకోమనండి. ఆరు నెలల తర్వాత కూడా ‘అంతా ఇంతే’ అన్న మాటే మిగిలితే, అప్పుడు గ్రూప్స్‌కు చదువుకోవడమో, మరో శాఖకు ప్రయత్నించడమో తప్పేమీ కాదు. నా శిష్యులలో అలా వెళ్లి స్థిరపడినవారు ఉన్నారు. ఆయన ఒప్పుకుంటే నాతో మాట్లాడమనండి. పదవీ విరమణ చేసినవాణ్ణి, ఆయన మీద ఏ రిపోర్టూ రాసే అధికారం నాకు లేదని ముందే చెప్పండి.